తమ్ముడూ, ముందు ఆ హెడ్డింగ్ మార్చు

తమ్ముడూ, విరిగిన ఎముక అతుక్కోడం మీద నువ్వు పంపిన ఆర్టికల్ రాత్రే చదివేశా. బాగా కష్టపడ్డావ్, కనపడుతోంది. కానీ మొదటి పేరాలోనే వీఈజీఎఫ్ (నాళాల్ని మొలిపించే ప్రోటీన్), యాంజియోజెనిసిస్ (కొత్త రక్తనాళాలు మొలవడం) అని దంచేస్తే కట్టు కట్టించుకుని మంచం మీద పడున్నోడు రెండో లైన్ చదవడు.

స్కాఫాయిడ్‌తో మొదలెట్టు. బొటనవేలు పైకెత్తితే మణికట్టు దగ్గర చిన్న గుంట పడుతుంది చూడు, దాని అడుగున జీడిపప్పంత ఎముక. మణికట్టు చిన్నెముకల్లో ఎక్కువ విరిగేది అదే. దానికి రక్తం చాలావరకు వేళ్ళ వైపు నుంచి దూరి వెనక్కి, ముంజేతి వైపు పారుతుంది, నడిమికి విరిగిందా, వెనక ముక్క మా ఊరి కాలవ చివరి పొలమే, పైన గండి పడితే చుక్క రాదు. అందుకే ఒక్కోసారి నెలలు గడిచినా అతుక్కోదు, ఆ ముక్క చచ్చిపోతుంది కూడా. కాల్షియం బిళ్ళలు మింగితే చాలదా అనేవాడికి జవాబు అక్కడే దొరికేస్తుంది.

అప్పుడు డెఫెరాక్సమిన్ తీసుకురా. తలసీమియా పిల్లల ఒంట్లో పేరుకున్న ఇనుము తీసే మందు, దానికీ ఎముకకీ ఏంటి సంబంధం? విరిగిన చోట ఆక్సిజన్ తగ్గితే కణాల్లో హిఫ్ అనే ప్రోటీన్ కరిగిపోకుండా నిలబడుతుంది, అది వీఈజీఎఫ్ తయారు చేయిస్తుంది, దాంతో కొత్త రక్తనాళాలు మొలుస్తాయి. మామూలప్పుడు హిఫ్‌ని కరిగించెయ్యమని పట్టిచ్చే ఎంజైమ్‌కి ఇనుము కావాలి. మందు ఆ ఇనుము లాగేస్తే ఎంజైమ్ పడుకుంటుంది, కణమేమో తనకి ఊపిరాడట్లేదనుకుని నాళాలకి కబురెడుతుంది. ఇంత తమాషా విషయాన్ని ఒక్క లైన్లో తొక్కేశావేంట్రా!

కానీ ఇది పనిచేసింది ఎలకల్లో. నువ్వేమో హెడ్డింగ్‌లో "త్వరలో ఎముక అతికే ఇంజెక్షన్" అన్నావ్. కొత్తలో నేనూ ఇలాంటిదే రాశా, వారం తిరక్కుండా ఒకాయన వాళ్ళమ్మ తుంటి ఎక్స్‌రే కవర్ పట్టుకుని ఆఫీసుకొచ్చి, అది ఎక్కడ దొరుకుద్ది సార్ అన్నాడు. టీ తాగించి పంపా, ఇంకేం చెయ్యను.

ఆఖర్లో దాచిన సిగరెట్ సంగతి పైకి తే. నికోటిన్ నాళాల్ని బిగించేస్తుంది, పొగ తాగేవాళ్ళకి అతుక్కోడం లేటవుతుంది, చదివేవాడు ఈ రోజే చెయ్యగలిగింది పొగ మానడమొక్కటే కదా.

సోమవారానికి మళ్ళీ పంపు. స్కాఫాయిడ్ బొమ్మ నువ్వే గియ్యి, నెట్‌లోది వద్దు.