వెనీర్లు వేయించుకున్న పళ్లను కచ్చికతో తోమొచ్చా?

పొదిలి దగ్గర పల్లె నుంచి ఒకరు అడిగారు. ఫ్లోరైడ్ మచ్చలు కనబడకుండా పై ముందు పళ్లకు పోర్సెలిన్ వెనీర్లు, అంటే పంటి ముందు వైపు అతికించే పల్చటి పింగాణీ రేకులు, వేయించుకున్నారట. కచ్చిక, ఉప్పు, వేపపుల్ల వాడమని ఇంట్లో అమ్మ చెబుతోందట. ఫ్లోరైడ్ పేస్టు ముట్టుకోవాలంటే భయమట. వీటిని ఎలా శుభ్రం చేసుకోవాలి, ఎన్నేళ్లుంటాయి అన్నది ప్రశ్న.

మాది ఉదయగిరి వైపు. చిన్నప్పుడు తాగినవన్నీ ఫ్లోరైడ్ ఎక్కువున్న బోరు నీళ్లే, అందుకే మా ఈడు వాళ్లలో చాలామందికి గోధుమ రంగు చారల పళ్లు. అది పైన పట్టిన గార కాదు. పన్ను చిగురు లోపల తయారయ్యేటప్పుడే ఎనామిల్‌లో పడిన మచ్చ, ఎంత రుద్దినా పోదు. నేను నెల్లూరులో వెనీర్లు వేయించుకుని కొన్నేళ్లయింది, ఇప్పటికీ బాగున్నాయి.

మీరు కాపాడుకోవాల్సింది వెనీర్ అంచును. పింగాణీకి మరక అంత తేలిగ్గా పట్టదు. కాఫీ తాగినా, చేపల పులుసు తిన్నా దాని రంగు అలాగే ఉంటుంది. కానీ వెనీర్ అంటే అర మిల్లీమీటరు అటూ ఇటూ మందం ఉన్న రేకు. దాన్ని రెజిన్ సిమెంటుతో పంటికి అతికిస్తారు. ఆ అతుకు చిగురు దగ్గర సన్నటి గీతలా ఉంటుంది. మరక పట్టేదీ, పాచి చేరేదీ అక్కడే. పింగాణీ పుచ్చదు గానీ వెనకున్న మన సొంత పన్ను పుచ్చుతుంది. అంచులో పుచ్చు మొదలైతే వెనీర్ ఎంత మంచిదైనా తీసేయాల్సి రావచ్చు.

అందుకని మెత్తటి కుచ్చు బ్రష్ తీసుకుని, చిగురు వైపు కాస్త ఏటవాలుగా పట్టుకుని, నెమ్మదిగా రెండు నిమిషాలు తోమండి. ఉదయం ఒకసారి, పడుకునే ముందు ఒకసారి. రాత్రి తోమడం మాత్రం మానొద్దు. పళ్ల సందుల్లో ఫ్లాస్ దారం వాడండి. దారం తగిలి వెనీర్ ఊడొస్తుందని చాలామంది మానేస్తారు. సరిగా అతికించింది దారానికి ఊడదు. దారాన్ని పంటికి ఆనించి చిగురు దాకా జరపండి, టక్కున లాగకండి.

కచ్చిక, ఉప్పు, బొగ్గు పొడి, ఇటుక పొడి ఏవీ వద్దు. అమ్మకు అర్థమయ్యేలా చెప్పండి: పింగాణీ పైన ఒక నునుపు ఉంటుంది, గరుకు పొడి రోజూ రుద్దితే ఆ నునుపు పోతుంది. నునుపు పోయిన చోట పాచి నిలుస్తుంది, మరక పడుతుంది. గరుకెక్కిన పింగాణీ ఎదురుగా ఉన్న కింది పళ్లను కూడా అరగదీస్తుంది. పళ్లు తెల్లబడతాయని చెప్పి అమ్మే బొగ్గు పేస్టులూ అంతే. అసలు పింగాణీ రంగును ఏ పేస్టూ, ఏ బ్లీచింగూ మార్చలేవు, అది ల్యాబులో ఖాయమైన రంగు. వేపపుల్లను ముందు పళ్లతో కొరికి నమలడం కూడా ఆపేయాలి.

ఫ్లోరైడ్ పేస్టు నిరభ్యంతరంగా వాడండి. ఈ భయం మన ప్రాంతంలో చాలా ఎక్కువ, దానివల్ల పళ్లు పుచ్చిపోతున్నవాళ్లను చూస్తే నాకు బాధేస్తుంది. మచ్చలు పడేది పళ్లు తయారయ్యే వయసులో, సుమారు ఎనిమిదేళ్ల లోపు, మింగిన ఫ్లోరైడ్ వల్ల. పెద్దవాళ్ల పళ్లకు పేస్టు వల్ల కొత్తగా మచ్చలు రావు. పైగా ఆ అంచు దగ్గర పుచ్చు రాకుండా కాపాడేది అదే. ఇంట్లో చిన్నపిల్లలుంటే మాత్రం బోరు నీళ్లు పరీక్ష చేయించండి. మన దేశపు ప్రమాణం ప్రకారం తాగే నీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకూడదు. వేరే నీళ్లు దొరకనప్పుడు 1.5 వరకు ఒప్పుకుంటారు. మరగబెడితే ఫ్లోరైడ్ పోదు.

పుక్కిలించే మందు వాడితే ఆల్కహాల్ లేనిది చూసుకోండి. క్లోర్‌హెక్సిడిన్ ఉన్న మందైతే డాక్టరు చెప్పినన్నాళ్లే వాడాలి, ఎక్కువ రోజులు వాడితే అంచుల్లో గోధుమ మరకలు పడతాయి. ఆరు నెలలకోసారి క్లీనింగ్‌కి వెళ్లినప్పుడు, ముఖ్యంగా కొత్త డాక్టరైతే, కుర్చీలో కూర్చోగానే వెనీర్లున్నాయని చెప్పండి. బాగా చేసినవి చూడగానే తెలియవు. గార తీసే అల్ట్రాసోనిక్ స్కేలర్ కొన అంచుకు తగిలితే పెచ్చు లేవచ్చు. ఫ్లోరైడ్ జెల్ పెడతానంటే ఆసిడ్ కలిసిన ఏపీఎఫ్ రకం కాకుండా న్యూట్రల్ రకం అడగండి. ఏపీఎఫ్ పింగాణీ నునుపును తినేస్తుంది.

చెరకు, నల్లి ఎముకలు, గట్టి చెక్కలు ముందు పళ్లతో కొరకొద్దు. సోడా మూతలు, దారం, గోళ్లు సంగతి చెప్పనక్కర్లేదు. నిద్రలో పళ్లు పటపట కొరికే అలవాటుంటే రాత్రి పళ్లకు తొడుక్కునే నైట్‌గార్డ్ చేయించుకోండి. వెనీర్లు పగలడానికి పెద్ద కారణాల్లో అదొకటి.

ఇలా చూసుకుంటే చాలావరకు పదేళ్లు దాటి నిలుస్తాయి. ఎప్పుడైనా ఒకటి ఊడి చేతికొస్తే ఇంట్లో ఉన్న జిగురుతో అతికించుకోకండి. చిన్న డబ్బాలో పెట్టుకుని వెంటనే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. పగలకుండా ఉంటే చాలాసార్లు దాన్నే మళ్లీ అతికిస్తారు.