గర్భనిరోధక మాత్రలు కండని, ఎముకని తినేస్తాయా?

పీసీఓడీకి (అండాశయాల హార్మోన్ల సమస్యకి) పిల్స్ వాడుతున్నారు, మోకాలు నొప్పి పుడుతోంది. జిమ్ ట్రైనరేమో "ఆ హార్మోన్ల వల్లే, ఎముకలు గుల్లవుతాయి, కండ పట్టదు" అన్నాడు. మానేయాలా అని మీ ప్రశ్న. ఆయన మాట మీద మాత్రం మానేయకండి. నేనూ పీసీఓడీకే కొన్నేళ్లు వాడాను, వాడుతూనే బరువులు ఎత్తాను.

ముందు స్ట్రిప్ వెనక సన్నక్షరాలు చదవండి. ఇథినైల్ ఎస్ట్రడయోల్ 0.03 మి.గ్రా. అని, పక్కన ఇంకో హార్మోన్ పేరు ఉంటే మీవి మామూలు కాంబినేషన్ పిల్స్. పెద్దవాళ్లలో వీటివల్ల ఎముక సాంద్రత పెద్దగా తగ్గదు. టీనేజ్ పిల్లల సంగతి వేరు, వాళ్లకి ఎముక ఇంకా గట్టిపడే వయసు.

ఎముకల భయం ఎక్కువగా ఇంజెక్షన్‌ది. మూడు నెలలకోసారి వేసే డీఎంపీఏ, మన సర్కారు దవాఖానల్లో 'అంతర' అంటారే, అది. దాంతో ఈస్ట్రోజెన్ పడిపోయి ఎముక కరగడం పెరుగుతుంది. 2004లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ దాని మీద గట్టి హెచ్చరికే పెట్టించింది: వేరే పద్ధతి కుదిరితే 2 ఏళ్లు దాటి వాడొద్దని. మానేశాక చాలావరకు కోలుకుంటుంది. మా వదిన అది వేయించుకుని ఒళ్లు నొప్పులన్నీ దాని మీదకే తోసేది. కానీ ఎముక పలచబడితే నొప్పి పుట్టదు, విరిగితేనే తెలుస్తుంది.

కండ విషయంలో పరిశోధనలు ఒక మాట మీద లేవు. కండ పెరగడానికి తోడ్పడే మగ హార్మోన్ టెస్టోస్టిరాన్‌లో ఒంట్లో పనిచేసే భాగాన్ని (ఫ్రీ టెస్టోస్టిరాన్) పిల్స్ తగ్గిస్తాయి, నిజమే. మొటిమలకి, గడ్డం మీద వెంట్రుకలకి డాక్టర్ రాసేది అందుకే కదా! బలంలో తేడా ఉన్నా చిన్నదే. కండని ఎముకకి కలిపే టెండన్లదీ, ఎముకని ఎముకకి కట్టే లిగమెంట్లదీ తేలని లెక్కే: డెన్మార్క్‌లో చూస్తే పిల్స్ వాడేవాళ్ల టెండన్లలో వాటికి బలమిచ్చే ప్రొటీన్ కొల్లాజెన్ తయారీ తక్కువ కనిపించింది, ఇంకోపక్క వాళ్లలో మోకాలి లిగమెంట్ తెగడం తక్కువని కొన్ని అధ్యయనాలు.

నాకు అసలు భయం ఇంకోటి. కేబీఆర్ పార్కు దగ్గర మాతో పరుగెత్తే ఓ అమ్మాయి, సన్నగా పుల్లలా ఉండేది, డైటింగ్‌తో పీరియడ్స్ ఆగితే పిల్స్ రాశారు. నెలనెలా బ్లీడింగ్ వస్తుంటే అంతా బాగుందనుకున్నారు ఇంట్లో. తర్వాత పిక్క ముందు ఎముకలో స్ట్రెస్ ఫ్రాక్చర్, అంటే పదేపదే ఒత్తిడి పడి వచ్చే సన్న పగులు. హార్మోన్ మాత్రలకి విరామం ఇచ్చిన రోజుల్లో వచ్చే బ్లీడింగ్ అది, అండాశయం పనిచేస్తోందనడానికి గుర్తు కాదు. తిండి చాలకే పీరియడ్స్ ఆగి, ఎముక బలహీనపడింది; ఆ పిల్లకి కావల్సింది కడుపునిండా అన్నం. మీరూ తిండి బాగా తగ్గించి ఉంటే గైనకాలజిస్ట్‌తో ఆ మాట దాచకండి, విటమిన్ డి కూడా చూపించుకోండి.

మోకాలికి ఫిజియో దగ్గరికి వెళ్లి స్క్వాట్ చేసి చూపించండి. కానీ ఒకే కాలి పిక్క వాచి, వేడిగా, నొప్పిగా ఉంటే జిమ్ నొప్పని ఐస్ పెట్టుకుని కూర్చోకండి. పిల్స్‌తో రక్తం గడ్డకట్టే ప్రమాదం కొంచెం ఉంటుంది, అదే రోజు ఎమర్జెన్సీకి వెళ్లండి.