గుజో ఓదొరి చూడటానికి కాదు, ఆడటానికి వెళ్ళండి

ఆగస్టులో జపాన్ వస్తున్నామని, ఏదైనా పాత ఊళ్ళో జానపద నృత్యాల పండుగ చూడాలని ఉందని రాశారు. భాష రాదు, అడుగులు రావు, మనలాంటి వాళ్ళను దగ్గరికి రానిస్తారా అని అడిగారు. తప్పకుండా రానిస్తారు. నేను నగోయాలో ఉంటున్నాను. గిఫు కొండల్లో ఉన్న గుజో హచిమాన్‌కి ఇప్పటికి రెండుసార్లు వెళ్ళాను. ఒక్క ఊరికే వెళ్ళే వీలుంటే అక్కడికే, ఆ ఊరి నృత్యాల పండుగ గుజో ఓదొరికే వెళ్ళమంటాను.

మొదటిసారి నేను చేసిన పొరపాటు మీరు చేయకండి. ఫోను పట్టుకుని పక్కన నిలబడి రెండు గంటలు వీడియోలు తీశాను. అక్కడ వేదిక ఉండదు, టికెట్ ఉండదు, కుర్చీలూ ఉండవు. వీధి మధ్యలో యాకతా అనే చెక్క మంటపం ఉంటుంది. పాడేవాళ్ళు, షామిసెన్ అనే మూడు తీగల వాయిద్యం, వేణువు, డోలు వాయించేవాళ్ళు అందులో కూర్చుంటారు. జనమంతా దాని చుట్టూ తిరుగుతూ ఆడతారు. కరీంనగర్‌లో బతుకమ్మ ఆడుతూ పెరిగినదాన్ని, చూడగానే అర్థం కావాల్సింది. బతుకమ్మ దగ్గరికి ఎవరైనా కొత్తగా వస్తే కాస్త జరిగి చోటిస్తాం కదా, ఇక్కడా అంతే.

ఈ పండుగ జులై మధ్యలో మొదలై సెప్టెంబర్ మొదటి వారం దాకా సాగుతుంది. మొత్తం 30 రాత్రులకు పైమాటే. రోజుకో చోట ఆడతారు కాబట్టి ముందే షెడ్యూల్ చూసుకోండి. మామూలు రోజుల్లో రాత్రి 8 ప్రాంతంలో మొదలుపెట్టి 11 కల్లా ముగిస్తారు. ఆగస్టు 13 నుంచి 16 వరకు మాత్రం తెత్సుయా ఓదొరి, అంటే తెల్లవార్లూ ఆట. అవి ఓబోన్ రోజులు. పోయిన పెద్దలు ఇంటికి వచ్చి వెళ్తారని అక్కడి నమ్మకం. మనం మహాలయ పక్షాల్లో పెద్దలకు పెట్టుకుంటాం, వాళ్ళు వీధిలోకి వచ్చి ఆడతారు. ఆ రోజుల్లో సమురాయ్, రైతు, వ్యాపారి అనే తేడా లేకుండా అందరూ కలిసి ఆడమని 400 ఏళ్ళ కిందటి ఏలికలు ప్రోత్సహించారని ఊరివాళ్ళు చెబుతారు. 2022లో యునెస్కో జపాన్‌లోని 41 జానపద నృత్యాలను కలిపి వారసత్వ జాబితాలో చేర్చింది. అందులో ఇదీ ఒకటి.

మొత్తం 10 ఆటలు. పదీ నేర్చుకోవాలని టెన్షన్ పడకండి. కవాసకి, హరుకోమా అనే రెండు వస్తే చాలు. కవాసకి నిదానంగా సాగుతుంది. హరుకోమాలో గుర్రం కళ్ళెం పట్టుకున్నట్టు చేతులు పెట్టి ఎగరాలి, కుర్రాళ్ళు దాని కోసమే కాచుకుని ఉంటారు. పగలు ఊళ్ళో ఉన్న హకురాంకాన్ మ్యూజియంలో అడుగులు వేసి చూపిస్తారు. నేను రెండోసారి అక్కడ చూసి, రాత్రి వలయంలో డెబ్భై ఏళ్ళు దాటినట్టున్న ఒక పెద్దావిడ వెనక చేరాను. నేను తడబడుతున్నానని ఆవిడ వెనక్కి తిరగకుండానే కనిపెట్టారు. చేతిని భుజం పక్కన కొంచెం ఎత్తుగా, కొంచెం ఆలస్యంగా తిప్పడం మొదలుపెట్టారు, నాకు కనబడాలని. నాలుగు చుట్లలో కవాసకి వచ్చేసింది.

ఇక గెతా సంగతి. అవి చెక్క చెప్పులు. వందల మంది ఒకేసారి అడుగు వేస్తే తారురోడ్డు మీద టక్‌మని వచ్చే చప్పుడే ఈ పండుగకు అసలు తాళం. దుకాణంలో చెక్క వేరుగా, పట్టీ గుడ్డ వేరుగా ఎంచుకుంటే మన పాదానికి సరిపోయేలా బిగించి ఇస్తారు. కొత్తవి వేసుకుని రాత్రంతా ఆడితే బొటనవేలి సందులో ఒరుసుకుని బొబ్బలొస్తాయి, నాకు అర్ధరాత్రికే వచ్చాయి. కాబట్టి బ్యాండేజీలు, ఒక జత మామూలు బూట్లు సంచిలో పెట్టుకోండి. యుకాతా, అంటే వేసవిలో వేసుకునే పల్చని కిమోనో లేకపోయినా పర్లేదు, చాలామంది ప్యాంటు చొక్కాలతోనే ఆడతారు.

ఓబోన్ రోజుల్లో ఊళ్ళో గదులు దొరకడం కష్టం, నెలల ముందే చూసుకోండి. నగోయా నుంచి హైవే బస్సులో సుమారు గంటన్నర. టైముంటే మినో ఓతా స్టేషన్ నుంచి నగారా నది ఒడ్డున వెళ్ళే చిన్న రైలెక్కండి. శాకాహారులైతే స్టాళ్ళ మీద ఆధారపడొద్దు. మేం పులిహోర కట్టుకెళ్ళాం.

పగలు వెళ్తే ఊరు కూడా తీరిగ్గా చూడండి. ఇళ్ళ ముందు కాలువల్లో నీళ్ళు గలగలా పారుతుంటాయి, చూరులకు బకెట్లు వేలాడుతుంటాయి. 1919లో కితమాచి పేట తగలబడిపోయింది. ఇప్పుడున్న చెక్క ఇళ్ళ వరస ఆ తర్వాత కట్టుకున్నదే. ఆ బకెట్లు ఎందుకో ఇక వేరే చెప్పక్కర్లేదు.

కాళ్ళు నొప్పి పుట్టినా చివరిదాకా ఉండండి. ఆఖరి ఆట మత్సుసకా. షామిసెన్, వేణువు, డోలు అన్నీ ఆగిపోతాయి. చెక్క ముక్కల తాళం, పాట, గెతాల చప్పుడు, అంతే మిగులుతాయి. అప్పటికి కొండల పైన ఆకాశం తెల్లబడుతోంది. పాట అయిపోయాక నా ముందున్న ఆ పెద్దావిడ మొదటిసారి వెనక్కి తిరిగి, నవ్వి, తల వంచారు. నేనూ వంచాను.