117 ఏళ్లు బతికిన మరియా బ్రన్యాస్ రహస్యం పెరుగేనా?

పెరుగు కాదు. పెరుగొక్కటే ఆయుష్షు పోస్తే, పెరుగన్నం కలపందే చెయ్యి కడుక్కోని మన ఊళ్లలో ఇంటికొక నూరేళ్ల మనిషి ఉండాలి.

స్పెయిన్‌లో ఉండిన మరియా గారు రోజుకు మూడు కప్పుల పెరుగు తినేవారన్నది నిజమే. బార్సిలోనాలో శాస్త్రవేత్త మానెల్ ఎస్టెల్లర్ బృందం ఆవిడ రక్తం, లాలాజలం, మూత్రం, మలం పరీక్షించి 2025లో ఫలితాలు ప్రచురించింది. కణాల వయసు అసలు వయసు కంటే బాగా తక్కువని, మేలుచేసే జన్యువులున్నాయని, పేగుల్లో మంచి బ్యాక్టీరియా దండిగా ఉందని చెప్పింది. అంత పరిశోధనలోంచి మన వీడియోల వాళ్లకు దొరికింది పెరుగు గిన్నె ఒక్కటే! ఆ థంబ్‌నెయిల్స్ చూస్తే ఒళ్లు మండుతుంది.

నన్ను కదిలించింది ఆవిడ చెవి సంగతి. 1907 మార్చి 4న శాన్ ఫ్రాన్సిస్కోలో పుట్టారు. 1915లో, మొదటి ప్రపంచ యుద్ధం నడుస్తుండగా, ఇంటిల్లిపాదీ స్పెయిన్‌కు ఓడెక్కారు. దారిలోనే తండ్రి క్షయతో పోయారు. ఆ ఓడ మీదే ఆడుకుంటూ కిందపడి ఆవిడకు ఒక చెవి వినపడకుండా పోయింది. అప్పటికి ఎనిమిదేళ్ల పిల్ల. తర్వాత డాక్టర్‌ను పెళ్లాడి, స్పెయిన్ అంతర్యుద్ధంలో ఆయన పక్కన నర్సుగా పనిచేశారు. భర్త పోయారు, కొడుకూ పోయాడు. 113వ ఏట కోవిడ్ వచ్చి తగ్గింది. ముసలితనంలో వినికిడి మరీ తగ్గాక, మాటల్ని అక్షరాలుగా మార్చే పరికరం పెట్టుకుని నలుగురితో మాట్లాడారు. ట్విట్టర్‌లో తన గురించి రాయించుకున్న మాట ఇది: ముసలిదాన్నే, చాలా ముసలిదాన్ని, కానీ తెలివితక్కువదాన్ని కాదు.

ఇది చదివాకే మా మామ్మకు ఫోన్ ఇవ్వాలని తట్టింది. తొంభై దాటింది, చెవులు దాదాపు పోయాయి. వేలకు వేలు పోసి కొన్న మిషన్ కీచుమంటుందని సొరుగులో పడేసింది. చూపు మాత్రం బాగుంది, రోజూ పేపర్ చదువుతుంది. చెల్లి పెళ్లి మాటలు జరుగుతున్నాయి. మామ్మ "ఏమంటున్నార్రా?" అంటే "ఏం లేదులే, తర్వాత చెప్తాం" అంటున్నారు అందరూ. నేను ఫోన్ కీబోర్డులో మైక్ నొక్కి, అక్షరాలు బాగా పెద్దవి చేసి చేతిలో పెట్టాను. బాబాయి మాట్లాడుతుంటే తెర మీద తెలుగు పడుతోంది. కల్యాణ మండపం కాస్తా 'కళ్యాణ్ మండలం' అయింది. మామ్మ కళ్లజోడు సర్దుకుని, ఒక్కో మాట కింద వేలు పెట్టి, తప్పులు తనే దిద్దుకుంటూ పైకి చదివింది. ఫాల్గుణం అన్న మాట దగ్గర ఆగింది.

"ఫాల్గుణంలో మినుము పీకుతారు కదరా. పొలాలు వదిలి పెళ్లికెవరొస్తారు? వైశాఖంలో పెట్టండి."

ఇంతమందిలో ఎవరికీ తట్టలేదు ఆ విషయం. ముహూర్తం వైశాఖానికే మారింది. ఆ రోజు నుంచి మామ్మ మనిషే మారింది. మతిమరుపు తగ్గింది, అన్నం సరిగా తింటోంది. పలకరింపు లేకే పెద్దవాళ్లు త్వరగా వెళ్లిపోతున్నారని నా గట్టి నమ్మకం.

చెవి పోతే బుద్ధి కూడా పోయినట్టే చూస్తారు మనవాళ్లు. ఆమధ్య ఒక డాక్టర్, మామ్మ ఎదురుగానే కూర్చుని ఉండగా, "ఆవిడకు నిద్ర పడుతోందా?" అని నన్నడిగారు. "ఆవిడనే అడగండి సార్" అని ఫోన్ ముందుకు జరిపాను.

మరియా గారు తన ఆయుష్షుకు కారణాలుగా ప్రశాంతత, కుటుంబంతో, స్నేహితులతో మంచి అనుబంధం, ప్రకృతి, విషం చిమ్మే మనుషులకు దూరంగా ఉండటం చెప్పారు. అదృష్టం, జన్యువులు కూడా అన్నారు. 2023 జనవరి నుంచి ప్రపంచంలోకెల్లా పెద్ద వయసు మనిషి ఆవిడే. 2024 ఆగస్టు 19న స్పెయిన్‌లోని కటలోనియా ప్రాంతంలో, ఒలోట్ అనే ఊళ్లో, తను కోరుకున్నట్టే నిద్రలో వెళ్లిపోయారు. 2000 నుంచీ అక్కడి వృద్ధాశ్రమంలోనే ఉన్నారు. ఆశ్రమంలో ఉన్నా ఆవిడ మాట లోకమంతా విన్నది. మన దగ్గర సొంత ఇంట్లో, సొంత మంచం మీద ఉన్న మనిషికే మాట దిక్కులేదు.

మీ ఇంట్లో పెద్దవాళ్లుంటే పెరుగు పెట్టండి, మంచిదే. దాంతోపాటు కీబోర్డులో తెలుగు వాయిస్ టైపింగ్ కూడా పెట్టండి. చదువు రానివాళ్లయితే వినపడే చెవి వైపు కూర్చుని, ముఖం కనపడేలా, నిదానంగా మాట్లాడండి. అరవొద్దు, అరిస్తే మాట ఇంకా అర్థం కాదు.