పాత కార్ల షాపు నోట్‌బుక్, దాన్ని రాసే అమ్మాయి ఏం చదవాలి?

ప్రశ్న: సార్ నమస్తే, మాది తెనాలి. పదహారేళ్లుగా సెకండ్ హ్యాండ్ కార్లు కొని అమ్ముతున్నా. మా పాప ఇంటర్ ఎంపీసీ సెకండియర్, మార్కులు బానే వస్తాయి. షాపుకొచ్చిన ప్రతి బండిదీ మోడల్, రంగు, మీటర్ రీడింగ్, ఎన్ని రోజులకి అమ్ముడైంది, ఎంతకి పోయింది అన్నీ నోట్‌బుక్‌లో రాస్తుంది. తెల్ల కార్లు త్వరగా పోతున్నాయి నాన్నా అవే కొను అని నాకే చెప్తుంది. ఇప్పుడు బీటెక్ వద్దు స్టాటిస్టిక్స్, ఎకనామిక్స్ చదువుతా అంటోంది. కార్లంటే ఇష్టమైతే మెకానికల్ చెయ్యొచ్చుగా అంటే నాకిష్టం కార్ల మీద కాదు కార్ల లెక్కల మీద అంటోంది. ఈ చదువుకి లెక్చరర్ ఉద్యోగం తప్ప ఇంకేమైనా వస్తుందా సార్?

జవాబు: నమస్తే అండి. ముందు ఉద్యోగాల సంగతి పక్కన పెట్టి ఆ నోట్‌బుక్ గురించి మాట్లాడతా, ఎందుకంటే నాకు ఇలాంటి ఉత్తరాలు చాలా వస్తాయి గానీ అన్నిట్లోనూ "మా వాడికి ఏ కోర్సుకి స్కోప్ ఉంది" అనే ఉంటుంది, పిల్ల ఆల్రెడీ ఏం చేస్తోందో రాసేవాళ్లు చాలా తక్కువ.

తెల్ల కార్లు త్వరగా పోతున్నాయి అన్నది కదా. నిజమే అయ్యుండొచ్చు. కానీ మీ షాపులో తెల్ల రంగులో ఎక్కువ ఉండేవి ఏ మోడల్స్? స్విఫ్ట్, డిజైర్ లాంటివే అయితే అవి ఏ రంగులో ఉన్నా త్వరగానే పోతాయి, అప్పుడు ఆ క్రెడిట్ రంగుది కాదు మోడల్‌ది. అదే మోడల్, అదే ఇయర్, దాదాపు అంతే తిరిగిన బండ్లలో తెల్లదానికీ మిగతావాటికీ తేడా ఉందా అని చూడాలి. "దేంతో పోల్చి చెప్తున్నావు అమ్మా?" అని పాపని అడగండి. స్టాటిస్టిక్స్‌లో మూడేళ్లు నేర్పేది చాలావరకు ఈ ఒక్క ప్రశ్న వెయ్యడమే, మిగతా ఫార్ములాలన్నీ దాన్ని ఒళ్లు దగ్గర పెట్టుకుని అడగడానికే.

ఇంకోటి ఉంది, ఇది ఇంకా బావుంటుంది. "ఎన్ని రోజులకి అమ్ముడైంది" అనే కాలమ్ అమ్ముడైన బండికే నిండుతుంది. మరి మీ షెడ్డులో ఆరు నెలల నుంచి ఏ పెద్ద డీజిల్ బండో దుమ్ము పట్టి నిలబడి ఉంటే దాని సంగతేంటి, అది ఇంకా అమ్ముడవలేదు కాబట్టి దాని గడి ఖాళీ, సగటు తీసేటప్పుడు అది లెక్కలోకే రాదు. అమ్ముడైనవి నాలుగు, 10, 20, 30, 40 రోజులు అనుకోండి, సగటు 25 రోజులు అని సంతోషపడతాం, 180 రోజుల నుంచి కదలని రెండు బండ్లు మాత్రం కళ్లెదురుగా ఉండి కూడా లెక్కలో లేవు. వాటిని పారెయ్యకుండా "కనీసం 180 రోజులు" అని రాసుకుని లెక్క కట్టే పద్ధతి ఒకటుంది, సర్వైవల్ ఎనాలిసిస్ అంటారు, కేన్సర్ మందులు పనిచేస్తున్నాయో లేదో తేల్చేదీ దాంతోనే, అప్పు తీసుకున్నవాడు ఎన్నో నెలలో ఈఎమ్ఐ ఎగ్గొడతాడో అంచనా వేసేదీ దాంతోనే. మీ పాపకి ఆ పేరు తెలిసుండదు, కానీ దాని గుమ్మం దాకా ఒక్కతే నడుచుకుంటూ వచ్చేసింది.

ఇక ఎకనామిక్స్. మీ వ్యాపారం మీదే నోబెల్ వచ్చిందంటే నమ్ముతారా? జార్జ్ అకెర్లాఫ్ అనే అమెరికా ఆయన 1970లో పాత కార్ల మార్కెట్ మీద ఒక పేపర్ అచ్చేశాడు, అంతకుముందు మూడు జర్నల్స్ దాన్ని తిప్పి పంపాయి, 2001లో నోబెల్ ఇచ్చారు. ఆయన చెప్పింది మీకు రోజూ తెలిసిందే. మంచి బండి 4 లక్షలు చేస్తుంది, దెబ్బతిన్నది 2 లక్షలు, పైకి రెండూ తళతళా మెరుస్తుంటాయి. కొనేవాడికి తేడా తెలీదు కాబట్టి మధ్యలో 3 లక్షలు అంటాడు. మంచి బండి ఉన్నాయన "ఈ రేటుకి నేనెందుకిస్తా" అని ఇంటికి తీసుకెళ్లి షెడ్డులో పెట్టుకుంటాడు, దెబ్బ బండి వాడు మాత్రం ఎగిరి గంతేసి ఇస్తాడు. కొన్నాళ్లకి కొనేవాళ్లకి విషయం అర్థమై ఇంకా తగ్గించి అడుగుతారు, ఇంకాస్త మంచి బండ్లు పోతాయి, చివరికి మార్కెట్లో మిగిలేది చెత్తే. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు పొంగి విజయవాడలో అన్ని బండ్లు మునిగాయి కదా, ఆ తర్వాత బెజవాడ బండి అని తెలిస్తే చాలు కొనేవాళ్లు కార్పెట్ ఎత్తి బురద వాసన చూడ్డం మొదలెట్టి ఉంటారు, మునగని బండి ఓనర్ కూడా పాపం ఆ అనుమానానికి రేటు తగ్గించుకోవాల్సిందే. సర్వీస్ రికార్డు చూపించడం, ఆరు నెలలు వారంటీ రాసివ్వడం, మెకానిక్‌ని తెచ్చుకుని చూసుకోండి అనడం, ఇవన్నీ ఆ అనుమానానికి మందులే. నేనూ ఒకసారి మీటర్ తిప్పిన బండి కొని గేర్‌బాక్స్‌కి బాగానే సమర్పించుకున్నా లెండి, అమ్మినాయన పేరు ఇక్కడ ఎందుకు, కానీ ఆ రోజు నుంచి ఈ పేపర్ నాకు బాగా ఒంటబట్టింది.

ఇంట్లో ఒక చిన్న పరీక్ష పెట్టండి. ఒకాయన లీటరుకి 10 ఇచ్చే బండి తీసేసి 12 ఇచ్చేది కొన్నాడు. ఇంకొకాయన 20 ఇచ్చేది తీసేసి 25 ఇచ్చేది కొన్నాడు. ఇద్దరూ ఏడాదికి 12 వేల కిలోమీటర్లు తిరుగుతారు. ఎవరికి పెట్రోల్ ఎక్కువ మిగిలింది? చాలామంది రెండో ఆయనకే అంటారు, 5 పెరిగింది కదా అని. లెక్క చూడండి: మొదటాయనకి 1200 లీటర్లు కాస్తా 1000 అయింది, 200 మిగిలాయి. రెండో ఆయనకి 600 నుంచి 480, మిగిలింది 120. మైలేజీ అనే అంకె మనల్ని అలా బోల్తా కొట్టిస్తుంది, లీటరుకి ఎన్ని కిలోమీటర్లు అని కాకుండా వంద కిలోమీటర్లకి ఎన్ని లీటర్లు అని అడిగితే ఈ తప్పు జరగదు, యూరప్‌లో చాలాచోట్ల అలాగే చెప్తారు. మీ కస్టమర్లకి కూడా ఇలా చెప్పి చూడండి, బేరంలో పనికొస్తుంది.

ఇవన్నీ సరదా లెక్కలే కదా అంటారేమో. రాజస్థాన్‌లో పోలీసులు తాగి నడిపేవాళ్లని పట్టుకోడానికి నాకాబందీ, అంటే రోడ్డు మీద బండ్లాపి చెకింగ్, పెట్టినప్పుడు ఎకనామిస్టులు అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డుఫ్లో, ఇంకో ఇద్దరు కలిసి లాటరీ వేసినట్టు పోలీస్ స్టేషన్లని విడదీశారు. కొన్నిచోట్ల చెకింగ్ ఎప్పుడూ ఒకే చోట, కొన్నిచోట్ల స్పాట్ మారుస్తూ, కొన్నిచోట్ల అసలు ప్రత్యేకంగా ఏం లేదు. స్పాట్ మార్చిన చోట రాత్రి ప్రమాదాలు 17 శాతం, రాత్రి చావులు 25 శాతం తగ్గాయి. ఒకే చోట పెట్టిన దగ్గర చెప్పుకోదగ్గ తేడా రాలేదు, తాగినోడికి కూడా ఏ రోడ్డులో పోలీసులున్నారో తెలిసిపోయి పక్క రోడ్డు ఎక్కేస్తాడు కాబట్టి. అదే పోలీసులు, అదే మెషిన్, తేడా వచ్చింది ప్లాన్‌లో. మన దేశంలో 2022 ఒక్క ఏడాదిలోనే రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది పోయారు అని కేంద్రం లెక్క, కాబట్టి ఈ పని చేసేవాళ్లు మనకి చాలామంది కావాలి, సివిల్ ఇంజనీర్లు ఒక్కళ్లే సరిపోరు.

సరే, ఉద్యోగాలు. మీకు దగ్గరగా ఉన్నదే చెప్తా. వెహికల్ ఫైనాన్స్ కంపెనీలు ఎవరికి ఎంత లోన్ ఇవ్వాలి, సీజ్ చేసిన బండి వేలంలో ఎంతకి పోతుంది అని లెక్క కట్టే టీములు పెట్టుకుంటాయి. ఇన్సూరెన్స్ వాళ్లు ప్రీమియం ఎంతో తేల్చేది ఈ లెక్కల మీదే, క్లెయిమ్ చెయ్యకపోతే ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు, అదే నో క్లెయిమ్ బోనస్, మొదటి ఏడాది 20 శాతం నుంచి ఐదేళ్లకి 50 శాతం దాకా వెళ్లడం, అది బండితో కాకుండా ఓనర్‌తో వెళ్లడం మీకు తెలుసు కదా, అలా ఎందుకు పెట్టారో కూర్చుని లెక్క తీసే మనిషినే ఆక్చువరీ అంటారు. ఇంటర్ అయ్యాక ఏసెట్ అనే ఎంట్రన్స్ రాసి ఆ దారిలో వెళ్లొచ్చు, డిగ్రీ పక్కనే సాగుతుంది, కాకపోతే పేపర్లు చాలా కష్టం, ఏళ్లకేళ్లు పడుతుంది, మధ్యలో ఆపేసినవాళ్లు నాకు తెలుసు. క్యాబ్ యాప్‌లు, డెలివరీ కంపెనీలు, పాత కార్లు ఆన్‌లైన్‌లో అమ్మే కంపెనీలు, వీళ్లందరికీ రేటు పెట్టేవాళ్లు కావాలి. గవర్నమెంట్ వైపు యూపీఎస్సీ పెట్టే ఇండియన్ స్టాటిస్టికల్ సర్వీస్ ఉంది, డిగ్రీలో స్టాటిస్టిక్స్ ఒక సబ్జెక్టుగా ఉంటే చాలు. ఎకనామిక్ సర్వీస్‌కి మాత్రం ఎకనామిక్స్‌లో పీజీ కావాలి.

ఎక్కడ చదవాలి అంటే, నన్నడిగితే మొదటి టార్గెట్ కోల్‌కతా ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో బీస్టాట్, అంటే స్టాటిస్టిక్స్ డిగ్రీ. 1931లో మహలనోబిస్ పెట్టింది, ట్యూషన్ ఫీజు లేదు, పైగా స్టైపెండ్ ఇస్తారు. మన ఆంధ్రా యూనివర్సిటీలో లెక్కలు చదివి అక్కడికెళ్లిన సి.ఆర్.రావు గారే 1945లో రాసిన పేపర్‌తో ప్రపంచం మొత్తం పేరు తెచ్చుకున్నారు, 2023లో 102 ఏళ్ల వయసులో ఇంటర్నేషనల్ ప్రైజ్ ఇన్ స్టాటిస్టిక్స్ ఇచ్చారు. కానీ ఆ ఎంట్రన్స్ ఈఏపీసెట్ లాంటిది కాదు, బిట్లు పెట్టి బయటపడదామంటే కుదరదు, స్టెప్పులతో ప్రూఫ్ రాయాల్సిన పేపర్ కూడా ఉంటూ వచ్చింది, మన కార్పొరేట్ కాలేజీల్లో పిల్లలకి అలవాటు లేనిది అదే. పాత పేపర్లు వాళ్ల సైట్‌లోనే దొరుకుతాయి, ఇవాళే ఒకటి తీసి ముందు పెట్టండి. మూడు గంటలు ఒక్క లెక్క మీద కూర్చుని రాకపోయినా లేవకుండా ఉందంటే ఆ అమ్మాయి ఈ చదువుకి సరిపోతుంది. విసుక్కుందంటే మళ్లీ ఆలోచిద్దాం, డేటా అనే మాట బావుందని వచ్చి ప్రాబబిలిటీ థియరీ చూసి పారిపోయేవాళ్లు ఎక్కువే.

అది రాకపోతే కొంపేం మునగదు. సెంట్రల్ యూనివర్సిటీల ఎంట్రన్స్ సీయూఈటీ రాసి హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో ఐదేళ్ల ఇంటిగ్రేటెడ్ ఎకనామిక్స్‌కి ట్రై చెయ్యొచ్చు, లేదా ఇక్కడే మంచి డిగ్రీ కాలేజీలో స్టాటిస్టిక్స్ మేజర్ తీసుకుని తర్వాత ఐఐటీల్లో ఎమ్మెస్సీకి జామ్ అనే ఎంట్రన్స్ రాయొచ్చు. ఒక్క జాగ్రత్త, ఇప్పుడు ప్రతి కాలేజీ బోర్డు మీద డేటా సైన్స్ అని రాసుకుంటోంది. లోపలికెళ్లి స్టాటిస్టిక్స్‌లో పీజీ చేసిన లెక్చరర్ ఎవరున్నారు, పిల్లలతో కంప్యూటర్ మీద లెక్క కట్టే ఆర్ గానీ పైథాన్ గానీ నిజంగా చేయిస్తున్నారా అని అడగండి. మీరు బండి కొనేటప్పుడు బోనెట్ ఎత్తి పిల్లర్లు తట్టి చూస్తారు కదా, అలాగే. బ్రోషర్ చూసి సీటుకి డబ్బు కట్టొద్దు.

మెకానికల్ గురించి మీరు బలవంతపెట్టొద్దు అనే నా సలహా. ఈఏపీసెట్ ఫీజు కట్టి రాయించండి, తప్పులేదు, చేతిలో ఒకటి ఉన్నట్టుంటుంది.

ఆ నోట్‌బుక్‌లో ఈ వారం నుంచి రెండు కాలమ్స్ కలపమనండి. ఒకటి బండి షాపులోకి వచ్చిన తేదీ, అమ్ముడైనా కాకపోయినా. రెండోది మీరు కొన్న రేటు. ఈ రెండోది మీరు ఇంట్లో ఎవరికీ చెప్పరని నాకు తెలుసండి, పాపకి మాత్రం చెప్పండి.