బుద్ధుడి ఫొటోకి కాపీరైట్ నోటీసా?

ప్రశ్న: హుస్సేన్ సాగర్ బుద్ధుడి విగ్రహాన్ని, ఎం.ఎస్. మక్తా గోడ బొమ్మలను ఫొటోలు తీసి నా పేజీలో పెట్టాను. 'కాపీరైట్ ఉల్లంఘించారు, 24 గంటల్లో అప్పీల్ చేయకపోతే ఖాతా తీసేస్తాం' అంటూ లింక్‌తో మెసేజ్ వచ్చింది. టెన్షన్‌గా ఉంది. ఏం చేయాలి?
- ఒక పాఠకుడు, సికింద్రాబాద్

జవాబు: మళ్లీ అదే మెసేజ్! ఆ లింక్ జోలికి పోకండి.

ముందు చట్టం సంగతి. 1957 నాటి కాపీరైట్ చట్టం 52వ సెక్షన్ ప్రకారం కట్టడాల ఫొటోలు తీయొచ్చు, ప్రచురించొచ్చు. జనం తిరిగే చోట శాశ్వతంగా నిలిపిన శిల్పాలకూ అంతే. బుద్ధుడు 1992 నుంచి చెరువు మధ్య నిలబడే ఉన్నాడు, ఇంకెంత శాశ్వతం కావాలి? గోడ బొమ్మల దగ్గరే చిక్కు. శిల్పాల ఫొటోలకిచ్చిన మినహాయింపులో పెయింటింగ్‌లు లేవు. సినిమాలో చూపించడానికైతే వాటికీ మినహాయింపు ఉంది. ఈ తేడా ఎందుకో నాకెప్పుడూ అర్థం కాలేదు. ఆ బొమ్మలతో క్యాలెండర్లు వేసి అమ్మాలనుకుంటే మాత్రం చిత్రకారుడి అనుమతి తీసుకోండి.

ఇక అసలు భయం. మీకు చట్టం తెలియదన్న ధైర్యంతోనే దొంగ ఆ మెసేజ్ పంపాడు. లింక్ నొక్కితే అచ్చం అసలు లాగిన్ పేజీలాంటిదే తెరుచుకుంటుంది. పాస్‌వర్డ్ కొడతారు, తర్వాత ఓటీపీ అడుగుతుంది, అదీ ఇస్తారు. అటువైపు వాడు ఆ రెండూ అప్పటికప్పుడు అసలు సైట్‌లో వాడేసి లోపలికి వెళ్తాడు. ముందు రికవరీ ఈమెయిల్, ఫోన్ నంబర్ మార్చేస్తాడు. ఆ తర్వాత మీ పేరుతోనే మీ స్నేహితులకు 'అర్జెంటుగా డబ్బు కావాలి' అని మెసేజ్‌లు మొదలవుతాయి. రెండంచెల భద్రత పెట్టుకున్నాం కదా అనుకునేవాళ్లూ ఇలాగే దొరికిపోతున్నారు.

నిజమైన ఫిర్యాదు వస్తే యాప్‌లోనే, ఖాతా స్టేటస్ దగ్గర కనిపిస్తుంది. కానీ దాన్ని సెట్టింగ్స్‌లో ఎక్కడో అడుగున పాతిపెట్టారు. 'కాపీరైట్ హెల్ప్' అని పేరు పెట్టుకుని, అధికారిక లోగో తగిలించుకుని ఎవడైనా ఖాతా తెరిస్తే ఆపే దిక్కు లేదు. ఏ అప్‌డేట్ వచ్చినా కొత్త స్టిక్కర్లే గానీ, ఈ కంత పూడ్చినవాళ్లు లేరు.

ఇప్పటికే నొక్కేసి వివరాలు ఇచ్చారా? యాప్‌ను మీరే తెరిచి వెంటనే పాస్‌వర్డ్ మార్చండి, అన్ని పరికరాల నుంచీ లాగౌట్ చేయండి, రికవరీ ఈమెయిల్, నంబర్ మీవేనో కాదో చూడండి. ఓటీపీ రానప్పుడు లాగిన్‌కి వాడే పాత బ్యాకప్ కోడ్‌లు రద్దు చేసి కొత్తవి తీసుకోండి. డబ్బు పోతే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.