తోక మీది ప్రతి గ్రాముకూ ముక్కు దగ్గర లెక్క చెప్పాలి

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా పెద్ద రేడియో కంట్రోల్ విమానాలకు రంగు వేయడం గురించే. నెలల తరబడి చెక్కి, అతికించి, నునుపు చేసి నిలబెట్టిన విమానం రంగు దగ్గరికి వచ్చేసరికి ఎవరికైనా చెయ్యి వణుకుతుంది. నాకు ఇప్పటికీ వణుకుతుంది. అందుకే జవాబులు కాస్త వివరంగా రాస్తున్నాను.

ప్రశ్న: నాలుగో వంతు స్కేలులో స్పిట్‌ఫైర్ కట్టానండి. రెక్కల పొడవు 2.8 మీటర్లు. బాల్సా అనే తేలికపాటి చెక్క మీద గ్లాస్ క్లాత్ (సన్నని గాజు నార గుడ్డ), ఎపాక్సీ జిగురు వేశాను. నా దగ్గర 0.3 మిల్లీమీటర్ల నాజిల్ ఉన్న ఎయిర్‌బ్రష్ ఉంది. విమానం మొత్తం దానితోనే వేసెయ్యొచ్చా?

జవాబు: వెయ్యొద్దండి. అసలు స్పిట్‌ఫైర్ రెక్క వైశాల్యం 22.48 చదరపు మీటర్లు. పొడవు నాలుగో వంతయితే వైశాల్యం పదహారో వంతు అవుతుంది. అంటే మీ రెక్క 1.4 చదరపు మీటర్లు, పైనా కిందా కలిపితే 2.8. మీ ఎయిర్‌బ్రష్ ఒక్క గీతలో వేలెడు వెడల్పు కూడా సరిగ్గా తడపదు. పక్క గీత వేసేలోపు ముందుది ఆరిపోతుంది. ఆరిన అంచు మీద పడిన తుంపర అందులో కలవదు, పిండి చల్లినట్టు పైనే ఉండిపోతుంది. చెయ్యి పెడితే గరుకు. ఆ గరుకు పోగొట్టాలని ఇంకో కోటు, దాని మీద మరొకటి.

అడుగు రంగులకు 0.8 మిల్లీమీటర్ల నాజిల్ ఉన్న చిన్న స్ప్రే గన్ వాడండి. గాలి నిలవ ఉండే ట్యాంకు, నీటిని పట్టే ఫిల్టరు ఉన్న కంప్రెసర్ కావాలి. గన్‌ను ఒక జానెడు దూరంలో, ఉపరితలానికి నిటారుగా పట్టుకోండి. మణికట్టు తిప్పకుండా చెయ్యి మొత్తం కదపాలి. ప్రతి వరుసా ముందు వరుసను సగం కప్పాలి. మీట నొక్కడం రెక్క అంచుకు ముందే మొదలై, వదలడం అంచు దాటాక జరగాలి. మొదట్లో నాకు రంగు కారినవన్నీ అంచు దగ్గర చెయ్యి ఆపినచోటే. మీ ఎయిర్‌బ్రష్‌ను మభ్య రంగుల (విమానం శత్రువు కంటపడకుండా వేసే కామొఫ్లాజ్) హద్దులకు, ఎగ్జాస్ట్ మసికి, ప్యానెళ్ల కీళ్ల నీడలకు దాచుకోండి. రంగును పాలంత పల్చగా కలిపి, గాలి ఒత్తిడి 15 నుంచి 20 పీఎస్ఐ దగ్గర పెడితే అక్కడ దాన్ని మించినది లేదు.

ఇక మీరు అడగని సంగతి, నాకు అన్నిటికన్నా ముఖ్యమైనది: బరువు. ఎండాక 25 మైక్రాన్ల మందం ఉన్న రంగు పొర ఒక చదరపు మీటరు మీద 25 ఘన సెంటీమీటర్ల పదార్థం. తూకంలో 30 గ్రాములకు అటూ ఇటూగా వస్తుంది. మీరు వాడిన గ్లాస్ క్లాత్ చదరపు మీటరుకు 25 గ్రాముల రకం అయితే, ఒక్క కోటు రంగు ఆ గుడ్డ కంటే బరువన్నమాట. రెక్కల మీదే నాలుగు కోట్లు పడితే 300 గ్రాములు దాటుతుంది. రెక్క మీది బరువు కొంతవరకు విమానం మోసుకుంటుంది, ఎందుకంటే అది సీజీకి, అంటే విమానం బరువు ముందూ వెనకా సరితూగే చోటుకి, దగ్గర్లో ఉంటుంది. తోక అలా కాదు. సీజీ నుంచి తోక దూరం, ముక్కులో సీసం పెట్టే చోటి దూరానికి రెండు మూడు రెట్లుంటుంది. తోక మీద 50 గ్రాములు పెరిగితే ముక్కులో 100, 150 గ్రాముల సీసం పెట్టాలి. స్పిట్‌ఫైర్ మోడళ్లు అసలే ముక్కులో సీసం అడుగుతాయి.

నేను కట్టిన మొదటి పెద్ద విమానం పైపర్ జె-3 కబ్, 2.7 మీటర్ల రెక్కలు. పాలిస్టర్ గుడ్డ తొడిగాను. తోక మీద గుడ్డ నేత కనిపించకూడదని మూడు కోట్ల ప్రైమర్ (రంగుకు ముందు వేసే పూత) కొట్టి, చాలావరకు అలాగే ఉంచేశాను. అద్దంలా వచ్చింది, మురిసిపోయాను. సీజీ చూసేసరికి ముక్కులో 300 గ్రాముల సీసం పెట్టాల్సి వచ్చింది. ఆ బరువుతో అది ఎప్పుడూ నెమ్మదిగా దిగలేదు, మూడోసారి దిగినప్పుడు చక్రాల కాళ్లు వంగిపోయాయి. అసలు కబ్‌కు కూడా గుడ్డే తొడుగుతారు, దగ్గరికి వెళితే పక్కటెముకల మీది టేపుల అంచులు కనిపిస్తాయి. నేను కష్టపడి కప్పెట్టింది దాని నిజమైన చర్మాన్నే. ఆ తరువాత తోకలో కదిలే భాగాలైన ఎలివేటర్లు, రడ్డర్ విప్పి, ప్రతి కోటుకు ముందూ తరువాతా గ్రాముల త్రాసు మీద పెట్టి రాసుకుంటున్నాను. మీరూ అలాగే చెయ్యండి. ప్రైమర్ పని గుంటలు నింపడం వరకే. నింపాక వాటర్ పేపర్‌తో గీకి, కింది గ్లాస్ మసకగా కనిపించేదాకా తీసెయ్యాలి.

కదిలే భాగాల విషయంలో ఇంకో ప్రమాదం ఉంది. హింజ్‌కు, అంటే ఆ భాగం తిరిగే బందుకు, వెనక వైపు బరువు పెరిగితే వేగంలో ఆ భాగం అదరడం మొదలవుతుంది, ఫ్లట్టర్ అంటాం. అది పట్టుకుంటే క్షణాల్లో తోక ఊడి వస్తుంది. మనుషులెక్కే విమానాలకే కంట్రోల్ భాగాలకు మళ్లీ రంగు వేస్తే బ్యాలెన్స్ తిరిగి సరిచూస్తారు. మనం చూడకపోతే ఎలా?

ప్రశ్న: యుద్ధ విమానాల మభ్య రంగుల హద్దు పదునుగా ఉండాలా, మెత్తగా కలిసిపోవాలా? 1944 నాటి నలుపు తెలుపు పట్టీలు ఎంత వెడల్పు వెయ్యాలి?

జవాబు: స్కేలును బట్టి ఆలోచించండి. అసలు విమానం మీద రెండు సెంటీమీటర్ల మేర రంగులు కలిసి ఉంటే నాలుగో వంతు మోడల్ మీద అది 5 మిల్లీమీటర్లే. గన్ చేత్తో ఊరికే తిప్పితే వచ్చే మెత్తదనం దానికి ఎన్నో రెట్లుంటుంది, విమానం బొమ్మలా తేలిపోతుంది. మందపాటి కాగితంలో ఆకారం కోసి, కింద బ్లూ ట్యాక్ (మళ్లీ ఊడివచ్చే మెత్తని జిగురు ముద్ద) చిన్న చిన్న ఉండలు పెట్టి రెండు మూడు మిల్లీమీటర్లు ఎత్తి ఉంచండి. అంచు మీదుగా నిటారుగా కొడితే సన్నని మెత్తని హద్దు వస్తుంది.

ఆ పట్టీలు 1944 జూన్‌లో నార్మండీ దాడికి ముందు, మిత్రదళాల విమానాలను సొంతవాళ్లే కాల్చకుండా వేసినవి. తెలుపు మూడు, నలుపు రెండు, మార్చి మార్చి. ఒక ఇంజిన్ విమానాలకు ఒక్కో పట్టీ 18 అంగుళాలు, కాబట్టి నాలుగో వంతు స్కేలులో 11.4 సెంటీమీటర్లు. చాలా విమానాలకు సిబ్బంది హడావిడిగా కుంచెలతోనే పులిమేశారు. అందువల్ల ఇక్కడ మాత్రం టేపూ ఎయిర్‌బ్రష్ పక్కన పెట్టి, అంచులు కాస్త వంకరగా కుంచెతో వేస్తేనే నిజానికి దగ్గరగా ఉంటుందని నా నమ్మకం.

ప్రశ్న: మాస్కింగ్ టేపు కిందికి రంగు పాకుతోంది. తీస్తే కింది రంగు కూడా ఊడుతోంది.

జవాబు: టేపు అంటించాక అంచు మీద మొదట కింది రంగునే పల్చగా కొట్టండి. పాకేదేదో ఆ రంగే పాకి సందు మూసుకుంటుంది. తరువాత కొత్త రంగు వేసి, పైపై తడి ఆరగానే టేపును దాని మీదికే మడిచి మెల్లగా లాగండి. కింది రంగు ఊడుతోందంటే అది పూర్తిగా గట్టిపడలేదు, లేదా దాని కింద చేతి జిడ్డు ఉంది.

ప్రశ్న: పెట్రోలు ఇంజిన్ కాబట్టి కార్లకు వేసే టూ-ప్యాక్ క్లియర్ కోట్ (హార్డెనర్ కలిపి వేసే రంగులేని పై పూత) కొట్టాలనుకుంటున్నాను. గది కిటికీ తెరిచి, ముక్కుకు గుడ్డ కట్టుకుంటే చాలు కదండీ?

జవాబు: చాలదు. దయచేసి ఆ పని చెయ్యకండి. పెట్రోలుకూ నూనెకూ అది బాగా తట్టుకునే మాట నిజమే. కానీ దాని హార్డెనర్‌లో ఐసోసైనేట్లు ఉంటాయి. తుంపరగా పీలిస్తే ఊపిరితిత్తులు వాటికి సెన్సిటైజ్ కావచ్చు. ఒకసారి అలా అయితే ఆ తరువాత కొద్దిపాటి మోతాదుకే ఉబ్బసం వస్తుంది. గుడ్డ మాస్కు ఆవిరిని ఆపదు. కార్ట్రిడ్జ్ మాస్కులో గాలిని వడకట్టే డబ్బీ అయిపోయిన సంగతి వాసన బట్టి తెలుస్తుందనుకుంటే పొరపాటు, ఐసోసైనేట్ వాసన తెలిసేసరికే పరిమితి దాటిపోయి ఉంటుంది. బయటి నుంచి శుభ్రమైన గాలి అందించే మాస్కు, బూత్ ఉన్న కార్ల పెయింటర్‌కు ఇచ్చి కొట్టించండి. పల్చగా రెండు విడతలే చాలని, విమానం కాబట్టి బరువు ముఖ్యమని ముందే చెప్పండి. ఇంట్లోనే చెయ్యాలనుకుంటే నీటితో కలిపే ఒకే డబ్బా పాలీయురేథేన్ తీసుకోండి. ముందు చెక్కముక్క మీద వేసి, వారం ఆరనిచ్చి, మీ ఇంజిన్‌లో పోసే నూనె కలిపిన పెట్రోలుతోనే తుడిచి చూడండి. గుడ్డకు రంగు అంటకపోతే, వేలికి జిగురు తగలకపోతే వాడుకోవచ్చు. నీటి రంగుకు కూడా మాస్కు పెట్టుకోవాలి, ఎందుకంటే తుంపర తుంపరే.

ప్రశ్న: థర్మాకోల్ రెక్కకు స్ప్రే డబ్బా రంగు కొట్టొచ్చా?

జవాబు: కొడితే కరిగి గుంటలు పడుతుంది. నీటితో కలిపే అక్రిలిక్ రంగే వెయ్యండి. ముదురు రంగులు పై వైపున వద్దు, ఎండకు రెక్క వేడెక్కి మెత్తబడుతుంది. కింది వైపు మాత్రం వెడల్పాటి ముదురు పట్టీలు వేసుకోండి, దూరం వెళ్లాక విమానం ఏ వైపు తిరిగి ఉందో తెలుస్తుంది.